శనివారం సాయంత్రం ఇక లోయర్ బౌండ్లు వద్దా? (పొడుగు పోస్టు, చివర్లో ఒక తప్పు దాచాను)

అర్ధరాత్రి ప్రూఫ్ | శుక్రవారం, రాత్రి 11:52

కొత్తవాళ్ల కోసం ముందు ఒక మాట. ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర ఒక మేడమీద గదిలో ప్రతి శనివారం సాయంత్రం ఏడెనిమిది మందిమి కూర్చుని కంప్యూటర్ సైన్స్ థియరీ పేపర్లు చదువుకుంటాం. జీతం లేదు, క్రెడిట్ లేదు. టీ ఖర్చు వంతులవారీగా.

పోయిన వారం సర్క్యూట్ లోయర్ బౌండ్ల (ఒక లెక్క చేయడానికి కనీసం ఎంత పెద్ద సర్క్యూట్ కావాలో తేల్చే) పేపర్ సగంలో ఉండగా మా కుర్రాళ్లిద్దరు నోట్సు మూసేశారు. "అక్కా, ఏఐ ఏం చేస్తుందోనని లోకమంతా హడలిపోతుంటే మనం ఇంకా ఒక లాగ్ ఎన్ తీసేయొచ్చా లేదా అని కొట్టుకుంటున్నాం. సేఫ్టీ చదువుదాం" అన్నారు. నాకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది, ఏదో ఒక జవాబు నోటికి వచ్చేది.

ఎందుకు రాలేదంటే, నెల కిందట నాకూ ఒకటి జరిగింది. ఒక చిన్న లెమ్మా (పెద్ద ప్రూఫులో మెట్టులాంటి చిన్న ఫలితం) దగ్గర ఇరుక్కుని ఒక ఏఐని అడిగాను. మూడు పేజీల ప్రూఫ్ ఇచ్చింది. నా స్టూడెంట్ ఎవరైనా అలా రాస్తే కళ్లు మూసుకుని పదికి పది వేసేదాన్ని. కానీ చివరి ఫలితం నా దగ్గరున్న చిన్న ఉదాహరణతో సరిపోలేదు. అంటే తప్పుంది. ఎక్కడ? రెండు రాత్రులు పట్టింది.

తప్పు రాసిందని కాదు నా టెన్షన్. మనిషి రాసిన ప్రూఫులో తప్పున్న చోట చెయ్యి తడబడినట్టు తెలుస్తుంది. "ఇది స్పష్టమే" అని గబగబా దాటేస్తాడు, అక్కడ పట్టుకుంటాం. ఇందులో తప్పు లైను కూడా మిగతా లైన్లంత నున్నగానే ఉంది.

దాన్ని నాలుగు లైన్లకు కుదించి ఇస్తున్నాను. ఏఐని అడగకుండా పట్టుకోండి.

(1) పది పద్ధతులున్నాయి. ఒక్కోటి ఇచ్చే లాభం అదృష్టాన్ని బట్టి 0కీ 1కీ మధ్య ఎంతైనా రావచ్చు.
(2) ఏ పద్ధతి తీసుకున్నా దాని సగటు లాభం 1/2కి మించదు.
(3) కాబట్టి ఆ పదిలో ఉత్తమమైనదాని సగటు లాభం కూడా 1/2కి మించదు.
(4) సగటు 1/2కి మించదు కాబట్టి, ఉత్తమమైనదాని లాభం 3/4కి చేరే అవకాశం 2/3కి మించదు.

అసలు ప్రశ్న మర్చిపోకండి. సేఫ్టీకి మన థియరీ పనికొస్తుందా, లేక కుర్రాళ్లు చెప్పినట్టు గది మార్చుకోవాలా?

కంచరపాలెం కుర్రాడు | శుక్రవారం, రాత్రి 12:10 దాటాక

నోట్సు మూసినవాళ్లలో ఒకణ్ణి నేనే. మూసినందుకు సారీ అక్కా, అన్నందుకు కాదు.

2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలోనే ఏఐ హబ్ కడతాం, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతాం అని ప్రకటించింది. అంటే ఆ యంత్రాలు మన పక్క ఊళ్లోనే తిరుగుతాయి. మనం మాత్రం వాటి గురించి ఒక్క ముక్క చదవం. పాల్ క్రిస్టియానో బర్కిలీలో ఉమేష్ వజిరానీ దగ్గర థియరీలోనే పీహెచ్‌డీ చేసి ఏఐ సేఫ్టీ వైపు వచ్చాడు. స్కాట్ ఆరన్‌సన్ క్వాంటం పక్కన పెట్టి 2022లో సెలవు తీసుకుని ఓపెన్‌ఏఐలో సేఫ్టీ మీద పనిచేశాడు. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

పైగా మన థియరీ చెప్పేదేంటి? 1953 నాటి రైస్ సిద్ధాంతం. ప్రోగ్రాం ప్రవర్తన గురించి పనికొచ్చే ప్రశ్న ఏది వేసినా దానికి ఆల్గారిదం లేదు. ఏఐ కూడా ప్రోగ్రామే. కథ కంచికి.

పజిల్‌లో తప్పు (4)లో ఉంది. ఆ 2/3 ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

గోడమీద పిల్లి | శుక్రవారం, రాత్రి 12:31

కథ కంచికి, కుర్రాడు గూగుల్‌కి.

మద్దిలపాలెం మాస్టారు | శనివారం, ఉదయం 6:05

కుర్రాడా, ముందు చిన్నది తేలుద్దాం. (4)లో తప్పు లేదు. నెగటివ్ కాని లాభం సగటున 1/2 దాటకపోతే, అది 3/4కి చేరే అవకాశం 1/2ని 3/4తో భాగించినదానికి మించదు. అంటే 2/3. మార్కోవ్ అసమానత, రెండో సంవత్సరం సిలబస్. అసలు తప్పెక్కడో నాకు కనిపించింది. చెప్పను.

ఇక రైస్. ఆయన్ని అంత దూరం లాగకు. ఏ ప్రోగ్రాం తెచ్చి ఇచ్చినా తప్పకుండా సరైన తీర్పు చెప్పే ఒకే పద్ధతి లేదు అన్నాడాయన. నీ చేతిలో ఉన్న ఈ ఒక్క ప్రోగ్రాం మంచిదని నిరూపించలేవు అనలేదు. 2009లో ఎస్‌ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టం కెర్నల్‌కి, సుమారు 8,700 లైన్ల సీ కోడ్‌కి, యంత్రమే తనిఖీ చేసిన ప్రూఫ్ రాశారు. ఎలా కుదిరింది? కోడ్ రాసేటప్పుడే ప్రూఫ్‌ని దృష్టిలో పెట్టుకుని రాశారు కాబట్టి.

ఏఐ లోపలుండే న్యూరల్ నెట్‌వర్క్‌ని అలా ఎవరూ రాయలేదు. డేటా పోస్తే అది పెరిగింది. అసలు చిక్కు రైస్ దగ్గర కాదు, ఇక్కడ ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సార్టింగ్ ప్రోగ్రాం ఏం చేయాలో ఒక్క లైన్లో రాయగలం. "మనిషికి హాని చేయకు" అన్నదాన్ని ఫార్ములాగా రాసి పంపు, నేను అరకు తీసుకెళ్లి బొంగులో చికెన్ పెట్టిస్తాను.

థియరీ పనికిరాదన్నావు కదా, మన దగ్గర ఒక అలవాటు ఉంది, అది చూడు. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, ఇద్దరు విద్యార్థులు, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా, ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో పాలినోమియల్ సమయంలో (అంకెలు పెరిగినా అదుపులో ఉండే సమయంలో) తేల్చే పద్ధతి పంపితే, కొద్ది రోజుల్లోనే ప్రపంచంలో పెద్దవాళ్లు చదివి ఔనన్నారు. 2010లో పీ, ఎన్‌పీ సమానం కావని (జవాబు సరిచూడడం తేలికైన ప్రతి లెక్కనీ తేలికగా చేయలేమని) వినయ్ దేవ్‌లాలికర్ ప్రూఫ్ పెడితే, అదే వేగంతో చదివి నిలబడదని తేల్చారు. ఎవరూ ఎవరి పరువూ తీయలేదు. లాస్లో బాబాయ్ సంగతి ఇంకా గొప్పది. గ్రాఫ్ ఐసోమార్ఫిజం (చుక్కలూ గీతల బొమ్మలు రెండు నిజానికి ఒకటేనా అని తేల్చడం) మీద 2015లో ఆయన ఫలితం ప్రకటించాడు. తర్వాత హరాల్డ్ హెల్ఫ్‌గాట్ అందులో తప్పు చూపించాడు. 2017 జనవరి 4న బాబాయే స్వయంగా "నా క్లెయిం వెనక్కి తీసుకుంటున్నా" అని రాశాడు. జనవరి 9న సరిచేసి మళ్లీ నిలబెట్టాడు. ఐదు రోజులు! ఆ ఐదు రోజులు ఆయన అన్నం తిన్నాడో లేదో గానీ, చెప్పడం మాత్రం వెంటనే చెప్పాడు.

నువ్వు వెళ్తానంటున్న రంగంలో ఈ అలవాటు ఎంతుందో కనుక్కుని వెళ్లు.

పాత గేజీ | శనివారం, ఉదయం 8:40

నేను మీ థియరీ మనిషిని కాదు. ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మీ గదికి వస్తాడు, వాడి వల్ల ఇవి చదువుతుంటాను.

సేఫ్టీ అనే మాట వింటే మా ఇంట్లో ఒకటే గుర్తొస్తుంది. 2020 మే 7 తెల్లవారుజాము. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్. మా మేనకోడలు వాళ్లది ఆ పక్క వీధే. పిల్లల్ని భుజాన వేసుకుని చీకట్లో పరుగు. పన్నెండు మంది పోయారు. మా వాళ్లు బతికారు, అంతే.

తర్వాత విచారణ కమిటీ రిపోర్టు వచ్చాక కూర్చుని చదివాను, నా వృత్తి కదా. ఆ ట్యాంకులో టెంపరేచర్ కొలిచేది అడుగు భాగంలోనే ఉంది. పైన, మధ్యలో లేదు. స్టైరీన్ పైభాగంలో వేడెక్కుతూ తనలో తాను గట్టిపడడం మొదలుపెడితే అడుగున ఉన్న గేజీకి ఏం తెలుస్తుంది? అది తన చోటి నిజం చెప్పింది. దాన్ని చూసినవాళ్లు ట్యాంకంతా అలాగే ఉందనుకున్నారు. సైరన్ కూడా మోగలేదు.

మీ ఏఐకి గేజీ ఎక్కడ పెట్టారు? నా ప్రశ్న అంతే.

గోడమీద పిల్లి | శనివారం, ఉదయం 9:02

గేజీ బాబాయ్, పొద్దున్నే జోక్ వేద్దామని వచ్చాను. వేయను.

రుషికొండ టెస్టర్ | శనివారం, ఉదయం 10:15

పాత గేజీ గారూ, నేను రోజూ చేసే పని గురించే అడిగారు. ఏఐ మోడళ్లని తప్పుదారి పట్టించి చూడడం నా ఉద్యోగం. కంపెనీ పేరు వద్దు.

గేజీ ఎక్కడ పెట్టారంటే, ఎక్కువగా ఇంగ్లీషులో పెట్టారు. 2023లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు జీపీటీ4 జవాబు చెప్పనని నిరాకరించే ప్రశ్నల్ని జూలూ, స్కాట్స్ గేలిక్ లాంటి భాషల్లోకి అనువదించి అడిగారు. ఇంగ్లీషులో అడిగితే దాదాపు ఎప్పుడూ కుదరదనేది. తక్కువ వనరులున్న ఆ భాషల్ని ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తే 79 శాతం ప్రశ్నలకు దారి దొరికింది. ఏ హ్యాకింగూ లేదు, అనువాదమే. మన తెలుగు కూడా ట్యాంకు పైభాగమే అని నా అనుమానం. యాస మార్చి, సామెత కలిపి అడిగితే ఏమవుతుందో టెస్ట్ చేసే మనుషులే తక్కువ.

రెండో రకం ఇంకా ఘోరం. కొలతని దగ్గర పెట్టుకుని దానికోసమే బతకడం. 2016లో ఓపెన్‌ఏఐ వాళ్లు పడవ పందెం గేమ్‌లో ఒక ఏజెంట్‌కి శిక్షణ ఇచ్చారు. స్కోరు పెంచమన్నారు. అది పందెం వదిలేసి, ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, నిప్పంటుకుంటూ, మళ్లీ మళ్లీ వచ్చే టార్గెట్లని గుద్దుతూ కూర్చుంది. స్కోరు మాత్రం పందెం పూర్తిచేసే మనుషుల కన్నా ఎక్కువ. మనకి ఇది వింతేం కాదు. ఎంసెట్ ర్యాంకు కోసం ఇంటర్ రెండేళ్లూ పిల్లల్ని గదిలో పెట్టి తోమిన ఊరు మనది. ర్యాంకు వస్తుంది. ఫిజిక్స్ వచ్చిందా అని ఎవడూ అడగడు.

కానీ మాస్టారూ, నిజం చెప్తాను. నా పనిలో మీ సిద్ధాంతం ఒక్కటీ ఇప్పటిదాకా వాడలేదు. స్క్రిప్టులు, ఎక్సెల్ షీట్లు, ఓపిక. అంతే.

పంపింగ్ లెమ్మా బాధితురాలు | శనివారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్‌లో ఉంటూ బీఎస్సీ చదువుతున్నాను. మా కాలేజీలో థియరీ అంటే ఒక సెమిస్టర్ ఆటోమాటా, అంటే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే ఊహా యంత్రాలు. పంపింగ్ లెమ్మా పది మార్కులకి తప్పకుండా వస్తుందని బట్టీ పట్టించారు. అది ఎందుకు నిజమో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు నేనే బొమ్మ గీసుకుంటే, యంత్రం స్థితుల్ని గదులనుకుంటే, ఉన్న గదుల కన్నా ఎక్కువ అడుగులు వేస్తే ఏదో ఒక గదికి రెండోసారి రావాల్సిందే కదా అని తట్టింది. ఆ రోజు మెస్‌లో ఎవరికి చెబుదామన్నా వినలేదు.

అలాంటి నేను మీ గదికి రావచ్చా? పజిల్ ఇంకా తేలలేదు. (3) దగ్గర ఏదో కలుక్కుమంటోంది, ఏమిటో చెప్పలేకపోతున్నాను.

అర్ధరాత్రి ప్రూఫ్ | శనివారం, ఉదయం 11:26

రావచ్చా ఏంటమ్మా, ఈరోజే రా. ఆ కలుక్కుమనేదాన్ని వదలకు.

గోడమీద పిల్లి | శనివారం, మధ్యాహ్నం 1:10

సరే, టెస్టర్ అన్నకి ఒక సిద్ధాంతం నేనిస్తాను. ఎక్సెల్ మూసి వినాలి.

మా తాతగారు అవధానాలంటే ప్రాణం పెట్టేవారు. ఒకసారి ఆయనే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడిగా కూర్చున్నారు. ఆయన జన్మలో పద్యం రాయలేదు. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి దాన్ని నిషేధిస్తూ పోవడమే ఆయన పని. అవధాని దారి మార్చుకోవాలి, ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. అవధానికి నిజంగా ధారణ, పాండిత్యం ఉంటే గట్టెక్కుతాడు. ముందే రాసుకొచ్చిన పద్యం అయితే మూడో అక్షరానికి దొరికిపోతాడు. పద్యం రాయలేని మనిషి పద్యం రాయగలవాణ్ణి పరీక్షించాడు. ఎలా? ప్రశ్న అప్పటికప్పుడు పుట్టింది కాబట్టి.

మాస్టారూ, దీన్నేగా మీరు ఇంటరాక్టివ్ ప్రూఫ్ అంటారు? 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ మొదలుపెట్టింది. బలవంతుడైన ప్రూవర్ (నిరూపించేవాడు), బలహీనుడైన వెరిఫయర్ (సరిచూసేవాడు), మధ్యలో ముందే ఊహించలేని ప్రశ్నలు.

మద్దిలపాలెం మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 1:48

ఇన్నేళ్లుగా క్లాసులో రంగుల డబ్బాలు, గుహలు అంటూ తంటాలు పడుతున్నాను. నిషిద్ధాక్షరి నాకెందుకు తట్టలేదు! వచ్చే ఏడాది నుంచి ఇదే చెబుతాను, నీ పేరు చెప్పను.

మిగతా కథ కూడా చెబుతాను. ఆ ప్రశ్నోత్తరాలకు ఎంత శక్తి ఉందో కొన్నేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. లండ్, ఫోర్ట్‌నో, కార్లాఫ్, నిసాన్‌లు వేసిన దారిలో 1990లో అడి షమీర్ తేల్చాడు. పాలినోమియల్ సమయం మాత్రమే ఉన్న వెరిఫయర్, ప్రశ్నలు అడిగి పీస్పేస్ (ఎంత కాలం పట్టినా, కొద్ది మెమరీతో తేల్చగల లెక్కలు) అంతటినీ తనిఖీ చేయగలడు. తాను వందేళ్లు కూర్చున్నా లెక్క కట్టలేని జవాబుని, పూటలో పరీక్షించగలడన్నమాట.

2018లో ఇర్వింగ్, క్రిస్టియానో, అమోదెయ్ దీన్నే సేఫ్టీకి తెచ్చారు. రెండు ఏఐలని వాదనకి కూర్చోబెట్టు, మనిషి జడ్జి. భూమి తగాదా అనుకో. మొత్తం దస్తావేజులు చదివే ఓపిక ఊరి పెద్దకి లేదు. ఒకడు "వీడి వాదనలో ఈ ఒక్క లైను తప్పు" అంటాడు. రెండోవాడు ఆ లైనునే సమర్థించాలి. చివరికి పెద్దాయన చూడాల్సింది ఒక్క సర్వే నంబరు. ఇద్దరూ శక్తి మేరకు వాదిస్తే ఆ పద్ధతికీ పీస్పేస్ దాకా శక్తి ఉంది.

టెస్టర్ బాబూ, సిద్ధాంతం నీ ఎక్సెల్‌లోకి రాలేదన్నావు. నిజమే. కానీ "నాకన్నా తెలివైనదాన్ని నేనెలా పరీక్షిస్తాను" అని ఎవరైనా చేతులెత్తేస్తే, అది ఎప్పుడూ అసాధ్యం కాదని ముప్ఫై ఏళ్ల కిందటే కాగితం మీద ఉంది.

అర్ధరాత్రి ప్రూఫ్ | శనివారం, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, "ఇద్దరూ శక్తి మేరకు వాదిస్తే" అన్నది మెల్లగా అని దాటేశారు. నా లెమ్మానే తీసుకోండి. మూడు పేజీల్లో తప్పుందని నాకు తెలుసు. ఏ లైనో తెలియదు. రెండో ఏఐకి కూడా తెలియకపోతే? "ఎక్కడో తప్పుంది" అనే నిజాయితీపరుడు, "అయితే లైను చూపించు" అనే మాటకారి. పంచాయతీలో ఎవరు గెలుస్తారో మనకి తెలుసు. ఈ వాదన పద్ధతి (డిబేట్) మీద మనుషులతో ప్రయోగాలు చేసినవాళ్లకి కూడా సరిగ్గా ఇదే అడ్డొచ్చింది. మెలికలు తిప్పిన వాదనలో తప్పు ఒక్కచోట కాక అంతటా పల్చగా పరుచుకుని ఉంటే, నిజం చెప్పేవాడు వేలు పెట్టి చూపించలేకపోయాడు.

కంచరపాలెం కుర్రాడు | శనివారం, మధ్యాహ్నం 2:30

ఏటి మాస్టారూ, అక్క మీ చేత్తోనే మిమ్మల్ని కొట్టించింది.

రాత్రి నేను కొంచెం ఎక్కువ మాట్లాడాను గానీ, పొద్దున కూర్చుని ఒక పేపర్ చదివాను. 2022ది. గోల్డ్‌వాసర్, కిమ్, వైకుంఠనాథన్, జమీర్. పరాయివాళ్ల చేత మోడల్‌కి ట్రైనింగ్ ఇప్పిస్తే, వాళ్లు అందులో దొంగతలుపు పెట్టొచ్చు. మామూలు క్రిప్టోగ్రఫీ ఊహలు నిజమైతే, బయటి నుంచి ఎన్ని ప్రశ్నలు వేసి చూసినా ఆ తలుపు ఉందని కనిపెట్టలేం. డిజిటల్ సంతకం లాంటి తాళంచెవి ఉన్నవాడికే తెరుచుకుంటుంది. టెస్టర్ అన్న జీవితాంతం ఎక్సెల్ నింపినా దొరకదు!

ఇది చదివాక ఒప్పుకుంటున్నాను. ఎంత టెస్ట్ చేసినా ఏది దొరకదో చెప్పింది థియరీయే. లోయర్ బౌండ్ అంటే అదేగా.

రుషికొండ టెస్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:41

జీతం ఇచ్చేవాళ్లకి ఈ పేపర్ పంపకు తమ్ముడూ.

పంపింగ్ లెమ్మా బాధితురాలు | శనివారం, మధ్యాహ్నం 3:33

దొరికిందనుకుంటున్నాను. తప్పైతే చెప్పండి.

పది వద్దు, రెండు పద్ధతులు చాలు. రెండు రూపాయి బిళ్లలు ఎగరేద్దాం. బొమ్మ పడితే లాభం 1, బొరుసు పడితే 0. ఒక్కో బిళ్ల సగటు 1/2. (2) నిజమే. ఇప్పుడు పడ్డాక చూసి మంచిదాన్ని ఎంచుకుంటే? రెండూ బొరుసైతేనే సున్నా, దాని అవకాశం 1/4. కాబట్టి ఉత్తమమైనదాని సగటు 3/4. 1/2 దాటేసింది. (3) తప్పు. దాంతో (4)లో చెప్పిన 2/3 కూడా పోయింది. లాభం 3/4కి చేరే అవకాశం ఇక్కడ 3/4.

"ఉత్తమమైనది" అన్న మాటలో మెలిక ఉంది. ఎగరేయకముందే ఒక బిళ్లని ఎంచుకుని ఇదే ఉత్తమం అంటే (3) నిజం. ఎగరేశాక ఎంచుకుంటే అబద్ధం. (3) లైనులో ఎప్పుడు ఎంచుకున్నామో చెప్పలేదు. పది బిళ్లలైతే సగటు 1023/1024, అంటే దాదాపు 1.

మద్దిలపాలెం మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:36

అదీ.

అర్ధరాత్రి ప్రూఫ్ | శనివారం, మధ్యాహ్నం 3:40

నాకు రెండు రాత్రులు, నీకు ఒక పూట. నాలుగు లైన్లకు కుదించింది నేనే కాబట్టి కొంచెం పరువు దక్కింది అనుకుంటాను. ఏఐ ఇచ్చిన మూడు పేజీల్లోనూ ఇంతే. మొదటి పేజీలో "ఉత్తమ" అంటే ముందే ఎంచుకున్నది, మూడో పేజీకి వచ్చేసరికి చూశాక ఎంచుకున్నది. గుర్తు ఒకటే వాడింది.

రుషికొండ టెస్టర్ | శనివారం, మధ్యాహ్నం 3:52

ఒక్క నిమిషం. మేం ఒక మోడల్‌కి పది వెర్షన్లు తీసి, ఒకే సేఫ్టీ టెస్ట్ మీద నడిపి, ఎక్కువ స్కోరు వచ్చినదాన్ని ఎంచుకుని, ఆ స్కోరునే రిపోర్టులో రాస్తాం. ఇది (3) కాదు కదా?

మద్దిలపాలెం మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:55

(3)యే.

పాత గేజీ | శనివారం, మధ్యాహ్నం 4:02

ట్యాంకుకి పది గేజీలు బిగించి, ఏది తక్కువ చూపిస్తే అదే లాగ్‌బుక్‌లో రాసినట్టు. మా రోజుల్లో అలా రాసేవాళ్లు ఉండేవారు. ఆడిట్ రోజు మరీను.

రుషికొండ టెస్టర్ | శనివారం, మధ్యాహ్నం 4:04

ఎంచుకున్నాక కొత్త ప్రశ్నలతో మళ్లీ కొలవాలి. సోమవారం మేనేజర్‌కి చెప్పాలి. రెండు బిళ్లలు జేబులో వేసుకుని వెళ్తాను. ఈరోజు గదికి నేనూ వస్తున్నా.

అర్ధరాత్రి ప్రూఫ్ | శనివారం, సాయంత్రం 4:15

అయితే ఈరోజు ఇలా చేద్దాం. మొదటి గంట ఆగిపోయిన సర్క్యూట్ పేపర్, కుర్రాడు బోర్డు దగ్గర. తర్వాత ఒక్కొక్కరూ ఒక ప్రూఫ్ తేవాలి, అందులో ఒక తప్పు నాటి. ఇద్దరు వాదిస్తారు, ఒకరు దాచడానికి, ఒకరు పట్టడానికి. జడ్జి పాత గేజీ గారు. ఆయన థియరీ మనిషిని కానంటున్నారు కాబట్టి ఆయనే సరైన మనిషి.

పాత గేజీ | శనివారం, సాయంత్రం 4:19

వస్తాను. మేడ మెట్లు ఎన్ని?

గోడమీద పిల్లి | శనివారం, సాయంత్రం 4:20

నలభై రెండు బాబాయ్. నేను కింద ఉంటాను, చెయ్యి పట్టుకుంటా. వస్తూ బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్ కట్టించుకొస్తున్నాను, ఎనిమిదా, తొమ్మిదా?

పంపింగ్ లెమ్మా బాధితురాలు | శనివారం, సాయంత్రం 4:21

తొమ్మిది. హాస్టల్‌లో ఎనిమిదింటికి గేటు వేసేస్తారు, నా ప్రూఫ్ ముందు పెట్టండి.